క్వాంటం క్లాసు అర్థం కావట్లేదన్న తమ్ముడికి

సార్ బోర్డు నింపేసి తుడిచేస్తున్నారు, మొదటి ఇంటర్నల్ పోయింది, ఎమ్మెస్సీ ఫిజిక్స్ మానేయనా అని అడిగావు. మానేయకు. గుంటూరులో చదివినప్పుడు మా సారూ అంతే, మేం రాసుకునేలోపే డస్టర్ తిరిగేది.

నాకు దారి దొరికింది అంతా రాసుకోవడం మానేశాకే. ముందు రాత్రే అరండల్‌పేట రూములో ఆ టాపిక్ ఒకసారి చదివేవాణ్ని. క్లాసులో సార్ ఏ మెట్టు దాటేశారో అదొక్కటే రాసుకునేవాణ్ని. ఉదాహరణకి పెట్టెలో కణం లెక్క చూడు, అంటే రెండు గోడల మధ్య చిక్కుకున్న కణానికి ఏయే శక్తులు ఉండొచ్చో కనుక్కునే లెక్క. గోడల దగ్గర తరంగ ప్రమేయం (కణం ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెప్పే వేవ్ ఫంక్షన్) సున్నా కావాలి. అందుకే పెట్టె పొడవులో అర తరంగాలు పూర్ణసంఖ్యలోనే పడతాయి, వీణ తీగ మీద లాగా. కాకపోతే ఇక్కడ అర తరంగాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు అయ్యేకొద్దీ శక్తి 1, 4, 9, 16 నిష్పత్తిలో పెరుగుతుంది. పెట్టె పొడవు సగం చేస్తే శక్తి నాలుగు రెట్లు. ఇది పట్టుకుంటే రెండు పేజీల డెరివేషన్ బట్టీ కొట్టక్కర్లేదు.

క్లాసయ్యాక సార్ గదికి వెళ్లు. 'అర్థం కాలేదు' అనకు, 'మూడో లైను నుంచి నాలుగో లైను ఎలా వచ్చింది సార్' అను. క్లాసులో కసిరే మా సారే గదిలో అరగంట ఓపిగ్గా చెప్పేవారు, ఒకసారి టీ కూడా తెప్పించారు!

అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్స్) మర్చిపోయి ఉంటే మాత్రం ముందు అవే చూసుకో. ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితమే.