వోటమ్స్: వదిలేయాలా, ఇంకాస్త చూడాలా?

వోటమ్స్ అనే జపాన్ రోబో యానిమే (బొమ్మల సిరీస్) మూడు ఎపిసోడ్లు చూశానని, హీరో నోరు విప్పడం లేదని, ఇంకా 49 ఉన్నాయని రాశారు కదండీ. ఇప్పుడే వదిలేయకండి. 13వ ఎపిసోడ్ దాకా చూసి, అప్పుడు తేల్చుకోండి. 1983-84లో జపాన్ టీవీలో వచ్చిన ఈ సిరీస్‌లో కథ నాలుగు చోట్ల నడుస్తుంది. ఊడో నగరం ఘట్టం 13తో ముగుస్తుంది. అప్పటికీ నచ్చకపోతే నిశ్చింతగా ఆపేయొచ్చు. నచ్చితే మాత్రం తర్వాత వచ్చే కుమ్మెన్ అడవుల అంతర్యుద్ధం అస్సలు మిస్సవ్వకండి, నా దృష్టిలో సిరీస్ మొత్తానికీ ప్రాణం అదే.

హీరో కిరికో మాట్లాడకపోవడం లోపం కాదు. వందేళ్ల యుద్ధంలో నలిగిపోయిన సైనికుడు అతను, ఎవర్నీ నమ్మలేడు. హీరోయిన్ ఫియానా కథలోకి వచ్చాక ఆ బిగుసుకుపోయిన మనిషి కొంచెం కొంచెంగా కరగడం చూస్తారు.

ఈసారి కిరికో లోపల కూర్చుని నడిపే రోబో స్కోప్‌డాగ్‌ని దగ్గరగా గమనించండి. ఎత్తు నాలుగు మీటర్ల లోపే. మొహం మీద మూడు లెన్సులు గిర్రున తిరుగుతాయి, పాదాల కింద చక్రాలతో నేలమీద జారుకుంటూ పోతుంది. గుద్దినప్పుడు చేతిలోంచి ఖాళీ తూటా గొట్టం ఎగిరి పడుతుంది! రోబో పాడైతే కిరికో అక్కడే వదిలేసి ఇంకోటి ఎక్కుతాడు. దర్శకుడు ర్యోసుకే తకహాషి రోబోను దేవుణ్ణి చేయలేదు, జీపులా వాడాడు.

బొమ్మల పాతదనం గురించి నేనేమీ సర్దిచెప్పలేను, అది చివరిదాకా అలాగే ఉంటుంది. టైం లేదని కుదించిన వెర్షన్లతో మాత్రం మొదలుపెట్టొద్దు. రోజుకు రెండు చొప్పున చూడండి చాలు.