పొదుగుకొచ్చిన కోడిని లేపడం

వేళచ్చేరిలో మీ నాటుకోడి పది రోజులుగా ఖాళీ గంప వదలట్లేదని, చెయ్యి పెడితే పొడుస్తోందని రాశారు. జబ్బేం కాదండీ, పొదుగుకొచ్చింది, అంటే గుడ్ల మీద కూర్చుని పిల్లల్ని చేయాలనే యావ పట్టింది. మీ దగ్గర పుంజు లేదన్నారు కాబట్టి మీ గుడ్లు కింద పెట్టినా పిల్లలు కావు. పిల్లలే కావాలంటే పుంజున్న వాళ్ళ దగ్గర పది గుడ్లు తెచ్చి రాత్రిపూట పెట్టండి, 21 రోజులు పడుతుంది. చెన్నై మే ఎండలో, అదీ రేకుల షెడ్డులో, నేనైతే పెట్టను.

ఆ యావ మాన్పించి కోడిని లేపాలంటే ముందు గంప తీసేయండి. అడుగున కూడా వైర్ మెష్ ఉన్న పంజరాన్ని ఇటుకల మీద ఎత్తి, నీడలో పెట్టి, కోడిని అందులో ఉంచండి. గడ్డి, ఊక వేయొద్దు. పొట్ట కింద గాలి ఆడి చల్లబడితేనే ఆ యావ తగ్గుతుంది. మేత, నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. మూడు నాలుగు రోజులయ్యాక వదిలి చూడండి. మళ్ళీ గంప చోటుకే పరిగెడితే ఇంకో రెండు రోజులు. బకెట్ నీళ్ళలో ముంచమన్న మీ పక్కింటావిడ వైద్యం వద్దు, కోడి బెదిరిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

ఈకల కింద పేలున్నాయేమో కూడా చూడండి. గుడ్లు మళ్ళీ మొదలవడానికి ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా మిగతా కోళ్ళ గుడ్లు ఏ రోజువి ఆ రోజే తీసేయండి.