కోడ్ ఒక్క ఇంట్లోనే ఉంచకు

బరంపురం

చి. శ్రీనుకి,
మామయ్య ఆశీస్సులు.

మొన్న పర్లాకిమిడి వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్ చూశాను. ‘షాప్ ఫైనల్’, ‘షాప్ ఫైనల్ 2’, ‘షాప్ ఫైనల్ కొత్తది’. వీటిలో లైవ్‌లో ఉన్నది ఏదిరా అంటే బుర్ర గోక్కున్నావు. మీ అమ్మ ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. వెబ్‌సైట్ చేసినందుకు పట్టుచీరల షాపాయన దగ్గర డబ్బు తీసుకుంటున్నావు, రేపు కోడ్ పోయిందంటే ఏం చెప్తావు?

నా సంగతి విను. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నాకేం టెన్షన్ లేదు. కోడ్ సీపీయూలో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, రెండు కాపీలున్నాయి కదా! ఆ డిస్కు ఉన్నది అదే టేబుల్ సొరుగులో. కిటికీ రెక్క ఊడిపోయి వాన తిన్నగా టేబుల్ మీదే కొట్టింది. తెల్లారి లాగితే సొరుగు ఉబ్బిపోయి కదల్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే డిస్కు నీళ్లలో నానుతోంది. సైట్ బయట సర్వర్లో నడుస్తోంది కాబట్టి పాత కోడ్ దొరికింది. ఇంకా ఎక్కించని మూడు వారాల పని మాత్రం గంగలో కలిసింది.

అందుకని ముందు గిట్ పెట్టుకో, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఫైనల్ ఫోల్డర్ల బెడద దానితోనే పోతుంది. కమిట్ కొట్టి మార్పుని గిట్‌లో నమోదు చేయగానే పనైపోయిందనుకోకు, అది ఇంకా నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. సాయంత్రం లేచే ముందు పుష్ చెయ్యి, అంటే నెట్‌లో ఉండే గిట్‌హబ్‌కి పంపు. సగం పనైనా సరే, అసలు కోడ్‌ని కదపకుండా పక్కన నడిచే వేరే బ్రాంచ్‌లో. అక్కడ బయటివాళ్లకి కనపడని ప్రైవేట్ రిపోకి (కోడ్ దాచే చోటు) డబ్బేం అక్కర్లేదు. ఆ అకౌంటే లాకైపోతే? నెలకోసారి ‘గిట్ బండిల్’ కమాండ్‌తో బ్రాంచ్‌లన్నీ చరిత్రతో సహా ఒకే ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి నాకివ్వు. నా బీరువాలో ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా మామయ్యా అంటావేమో. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని నేను బ్యాకప్ అనను.

గిట్‌లో లేనివి కూడా ఉన్నాయి, కుర్రాళ్లు మర్చిపోయేది అక్కడే. ఆర్డర్లన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. రోజూ రాత్రి డంప్ (డేటా మొత్తం కాపీ) తీసి సర్వర్ బయటికి పంపేలా క్రాన్ పెట్టు, చెప్పిన వేళకి అదే నడుస్తుంది. షాపాయన ఎక్కించిన చీరల ఫొటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంటాయి, అదీ కాపీ తియ్యి. పాస్‌వర్డులుండే ఈఎన్‌వీ ఫైలు మాత్రం గిట్‌లో పెట్టకు, పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకో. పొరపాటున కమిట్ అయిపోతే ఫైలు తీసేసినా పాత కమిట్లలో ఉండిపోతుంది, కాబట్టి పాస్‌వర్డే మార్చెయ్యి. వేరేవాళ్లు రాసిన కోడ్ ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ కాపీ గొడవ వద్దు, ఏ వెర్షన్లో రాసి ఉండే లాక్ ఫైలు ఉంటే మళ్లీ దింపుకోవచ్చు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ వాళ్లకి (గిట్‌హబ్ లాంటి కంపెనీయే) ఏమైందో తెలుసా? ఒక ఇంజినీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. రోజూ వస్తోందనుకున్న డంప్ వెర్షన్ తేడా వల్ల రావడమే లేదు. ఫెయిలైందని చెప్పే మెయిళ్లూ ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) ఉండబట్టి గట్టెక్కారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. అంతటి వాళ్లే తెరిచి చూసుకోలేదు, మనమెంత!

దసరాకి వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్, డేటాబేస్ డంప్, ఫొటోల కాపీ పట్రా. నీ ల్యాప్‌టాప్ ఇంట్లోనే వదిలెయ్యి. నా పాత ల్యాప్‌టాప్‌లో నీ కోడ్ ముక్క కూడా లేదు, దాని మీద షాప్ మొత్తం లేపి ఒక చీర ఆర్డర్ పెట్టి చూపించు. నేను చెయ్యి పెట్టను. ఎక్కడెక్కడ ఆగిపోయావో కాగితం మీద రాస్తూ కూర్చుంటాను. ఒక పూట పట్టొచ్చు, భోజనానికి ఉంటావని అత్తయ్యకి చెప్పాను.

మీ మామయ్య