సూదులు మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్మలూ,

నీకు ఐవీఎఫ్, అదే టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స, మొదలవుతోందని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఎవరి నోటికీ జడవకుండా నువ్వే నిర్ణయం తీసుకున్నావని గర్వపడ్డాను. వెంటనే టెన్షన్ పట్టుకుంది. నర్సుగా రిటైరైనా సొంత పిల్ల సంగతి వచ్చేసరికి అంతే. ముందు ఒకటి చెప్పు: అల్లుడుగారి వీర్యపరీక్ష అయిందా? అది చూడకుండా నీకు సూదులు మొదలుపెడితే వదినను చెడామడా తిడతాను.

సూది వేసుకోవడం కష్టమేం కాదు. నెలసరి రెండో రోజో మూడో రోజో స్కాన్ చేసి, గుడ్లు పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ సూది డోసు రాస్తారు. సుమారు 8 నుంచి 12 రోజులు, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. బొడ్డుకు కాస్త పక్కగా చర్మం మడతపట్టి గుచ్చు. మందు దిగాక పది లెక్కపెట్టి సూది తియ్యి, రుద్దకు. ఇవాళ ఎడమ పక్కన వేస్తే రేపు కుడి పక్కన. గుడ్లు ముందే విడుదల కాకుండా మధ్యలో ఇంకో సూది కలుపుతారు, కంగారుపడకు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందులు పెరుగు పెట్టే అరలో ఉంచు. ఐస్ గడ్డకట్టే చోట పెడితే పాడవుతాయి. తలనొప్పి, రొమ్ముల సలుపు, ఊరికే ఏడుపు రావడం మామూలే. ఏడిచావని ఎవరైనా సాధిస్తే నాకు చెప్పు.

గుడ్లు పక్వానికి రావడానికి చివర వేసే ట్రిగ్గర్ సూదికి మాత్రం గడియారమే దేవుడు. అది వేసిన 34–36 గంటలకు గుడ్లు తీస్తారు. రాత్రి 10:15 అన్నారంటే 10:15కే. గుడ్లు తీసే రోజు సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం నిలబడకండి, వరదొస్తే ఆపేస్తారు. చించినాడ వంతెన మీదుగా ముందు రోజే భీమవరం చేరిపొండి.

ఇక నా అసలు భయం. మా తోడికోడలికి నీలాగే పీసీఓడీ, అదే అండాశయాల్లో నీటిబుడగల సమస్య. సూదులకు గుడ్లు చాలా పెరిగాయి. గుడ్లు తీశాక ఇంటికొచ్చింది, పొట్ట ఉబ్బడం మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగింది. మా అత్తగారు మురిసిపోయి "కడుపు పండిందే" అని దిష్టి కూడా తీసింది. పిల్ల రోజూ లంగా బొందు వదులు చేసుకుంటూ తిరిగిందే తప్ప ఎవరితోనూ అనలేదు. ఖర్చు అంతా అయిపోయాక మళ్లీ ఆసుపత్రంటే మొగుడేమంటాడో అని. మూత్రం తగ్గింది, పడుకుంటే ఊపిరాడలేదు. అప్పటికి రాత్రయింది, రేవులో పంటు లేదు. చుట్టు తిరిగి కారులో తీసుకెళ్తే పొట్టలోంచి నీరు తీశారు. అండాశయాలు మరీ రెచ్చిపోతే రక్తనాళాల్లోని నీరు పొట్టలోకి ఊరుతుంది, రక్తం చిక్కబడుతుంది, గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. పిండాలను ఫ్రీజ్ చేసి, తను పూర్తిగా కోలుకున్నాక గర్భంలో పెట్టారు. దాని కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, నోరు చూస్తే అచ్చం మా అత్తగారే.

కాబట్టి ట్రిగ్గర్ నుంచి రోజూ పొద్దున్నే బరువు చూసుకో. రోజుకు కిలోకు మించి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. గర్భం నిలిస్తే ఆ తర్వాత కూడా పొట్టలో నీరు చేరే ఈ సమస్య రావచ్చు. నీకు పీసీఓడీ ఉంది కాబట్టి తక్కువ డోసు, వేరే రకం ట్రిగ్గర్, పిండాల ఫ్రీజింగ్ గురించి డాక్టరమ్మను ఇప్పుడే అడుగు. సిగ్గుపడకు, డబ్బు కడుతున్నది మీరే.

హెచ్‌సీజీ ట్రిగ్గర్ అయితే, వేసిన పది పన్నెండు రోజుల్లో ఇంట్లో కిట్‌తో చూసుకోకు. కిట్ వెతికేది ఆ హెచ్‌సీజీ హార్మోన్‌నే, సూది మందుకే గీత పడుతుంది. నువ్వు ఆశపడి ఏడిస్తే నేను చూడలేను తల్లీ.

మొదటి స్కాన్ కాగానే చీటీ ఫోటో తీసి పంపు. డోసు నేను మార్చను, చూసి ఊరుకుంటాను.

మీ మేనత్త