హ్యాకింగ్ నేర్చుకుంటానంటున్న అమ్మాయికి ముందు నెట్‌వర్క్ చూపించండి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వీడియోలు చూసి ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్పించమని పట్టుబడుతోంది. ఈ మధ్య పక్కింటివాళ్ల వైఫై పాస్‌వర్డ్ ఊహించి కనెక్ట్ అయిందట, ఆ మాట నాతో గొప్పగా చెప్పింది. మెచ్చుకోవాలో మందలించాలో తెలియలేదు. ఈ వయసులో సైబర్ సెక్యూరిటీ నేర్పించవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఇప్పుడే సర్టిఫికెట్లు చేయిస్తే ఉద్యోగానికి పనికొస్తాయా? నాకు కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియదు.

జవాబు: మొదట వైఫై సంగతి. మీ అమ్మాయి చేసింది తప్పే. అడగకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లోకి వెళ్లడం, ఏమీ పాడుచేయకపోయినా, చాలా దేశాల్లో చట్టరీత్యా నేరం. అయితే తను దాచకుండా మీకు చెప్పింది చూశారా, ఆ అలవాటు పోకూడదు. అరిచి ఫోన్ లాక్కుంటే అలాంటి పనులు చేయడం మానదు, మీకు చెప్పడం మానేస్తుంది. ఇద్దరూ కలిసి పక్కింటికి వెళ్లండి. జరిగింది తనే చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే పాస్‌వర్డ్ మార్చడంలో సాయం చేయాలి. రూటర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ (రూటర్ సెట్టింగులు మార్చడానికి వాడేది) ఇంకా అలాగే ఉంటే అదీ మార్పించాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లను ప్రయత్నించి లక్షల కెమెరాలు, రూటర్లను చేజిక్కించుకుంది. వాటితో జరిపిన దాడి వల్ల ఆ అక్టోబరులో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. లోపం కనిపెట్టడం, దాని యజమానికి చెప్పడం, సరిచేయించడం. ఈ రంగంలో మంచి ఉద్యోగులు చేసే పని ఇదే. మీ అమ్మాయి మొదటి మెట్టు దాటి అక్కడే ఆగిపోయింది.

రాబర్ట్ మోరిస్ కథ కూడా తనకు చెప్పండి. 1988 నవంబరు 2న, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థిగా ఉన్నప్పుడు, తనంతట తాను వ్యాపించే ఒక ప్రోగ్రామ్‌ను ఇంటర్నెట్‌లోకి వదిలాడు. దాన్ని రాసిన తీరులో పొరపాటు ఉండటంతో అది ఒకే కంప్యూటర్‌లోకి మళ్లీ మళ్లీ చొరబడింది. అప్పటి అంచనాల ప్రకారం దాదాపు 6,000 కంప్యూటర్లు స్తంభించాయి. నష్టం చేయాలనే ఉద్దేశం తనకు లేదని వాదించినా, అనుమతి లేకుండా కావాలని ప్రవేశించడమే నేరానికి చాలునని అప్పీలు కోర్టు తేల్చింది. మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు అధికారుల పర్యవేక్షణ), 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. తర్వాత అతను ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడన్నది కూడా నిజమే, పిల్లలు ఆ ముక్కే గుర్తుపెట్టుకుంటారు. అందుకే కోర్టు మాటను కాస్త నొక్కి చెప్పండి.

ఇక అసలు ప్రశ్న. తొమ్మిదో తరగతిలో నేర్పించవచ్చా? తప్పకుండా. కానీ హ్యాకింగ్ టూల్స్‌తో మొదలుపెట్టకండి. వీడియోలో చెప్పినట్టు నాలుగు కమాండ్లు కొడితే తెర మీద ఏదో జరుగుతుంది, అది ఎందుకు జరిగిందో పిల్లకు తెలియదు. రేపు ఆ టూల్ మారితే తన దగ్గర ఏమీ మిగలదు. నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో అర్థమైతే సెక్యూరిటీ సగం అర్థమైనట్టే. ప్రతి అడుగులోనూ ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని నమ్ముతుంది. ఏ ఆధారంతో నమ్ముతోంది, ఆ ఆధారాన్ని ఎవరైనా దొంగిలిస్తే ఏమవుతుంది అని అడగడమే సెక్యూరిటీ.

బ్రౌజర్‌లో ఒక సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, పేజీ వచ్చే లోపు ఏం జరుగుతుంది? నెల రోజులు ఈ ఒక్క ప్రశ్న మీదే గడిపినా వృథా కాదు. పేరును బట్టి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే అంకెల చిరునామా) తెలుసుకోవడానికి కంప్యూటర్ ముందు డీఎన్ఎస్ సర్వర్‌ని, అంటే పేర్లకు చిరునామాలు చెప్పే కంప్యూటర్‌ని, అడుగుతుంది. 1983లో పాల్ మాకపెట్రిస్ ఈ పద్ధతిని రూపొందించక ముందు పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి, అందరూ దాన్నే కాపీ చేసుకునేవారు. సరే, డీఎన్ఎస్ జవాబు స్థానంలో ఎవరైనా దొంగ జవాబు చొప్పిస్తే? బ్యాంకు సైట్ అనుకుని ఇంకెక్కడికో వెళ్తాం. 2008లో సెక్యూరిటీ పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ సరిగ్గా ఇలాంటి లోపమే కనిపెట్టాడు. ముందు సంబంధిత కంపెనీలకు గుట్టుగా చెప్పాడు, అవన్నీ కలిసి ఒకే రోజు సవరణలు విడుదల చేశాయి. మోరిస్ కథ చెప్పినప్పుడు ఈయన కథ కూడా పక్కనే చెప్పండి.

ఇంకో అడుగు ఇంట్లోనే. ఆ డీఎన్ఎస్ ప్రశ్నైనా, ఇంకే సందేశమైనా ముందు రూటర్‌కి చేరాలంటే రూటర్ హార్డ్‌వేర్ అడ్రస్ (ఆ పరికరానికే ఉండే నంబరు) కావాలి. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా "ఈ ఐపీ ఎవరిది?" అని అడుగుతుంది, "నాది" అన్నవారిని నమ్మేస్తుంది. ఏఆర్‌పీ అనే ఈ పద్ధతిలో నిజమా కాదా అని సరిచూసే ఏర్పాటు లేదు. ముక్కూమొహం తెలియని వైఫైలో జాగ్రత్తగా ఉండమనడానికి ఇదొక కారణం అని అప్పుడు దానంతటదే అర్థమవుతుంది, మనం నీతులు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత టీసీపీ కనెక్షన్ (రెండు కంప్యూటర్ల మధ్య సంభాషణకు దారి), దాని మీద టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా మాటల్ని రహస్య లిపిలోకి మార్చడం). సర్వర్ తన సర్టిఫికెట్ (ఆ సైట్ పేరుకు ఇచ్చిన డిజిటల్ గుర్తింపు పత్రం) చూపిస్తుంది, బ్రౌజర్ సరిచూస్తుంది. ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు కూడా పొరబడతారు. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సైట్ మంచిదని అనుకుంటారు. మన మాటలు దారిలో ఎవరూ చదవలేరని, సర్టిఫికెట్ ఆ పేరుకే ఇచ్చిందని మాత్రమే దానర్థం. మోసం చేసేవాడు కూడా తన సైట్‌కి సర్టిఫికెట్ తెచ్చుకోగలడు. కాబట్టి పేరును అక్షరం అక్షరం చదవాలి.

ఇవన్నీ మాటల్లో విని ఊరుకుంటే నిలవవు, కళ్లతో చూడాలి. వైర్‌షార్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తన కంప్యూటర్ పంపే ప్యాకెట్లను (సమాచారపు చిన్న ముక్కలను) తనే చూసుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ పేజీలో రాసింది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో అర్థంకాని అక్షరాలు కనిపిస్తాయి. ఆ రెండూ పక్కపక్కన చూసిన పిల్లకు ఎన్‌క్రిప్షన్ ఎందుకో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే పింగ్, దారిలోని రూటర్లను చూపే ట్రేస్‌రూట్ (విండోస్‌లో tracert), పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే ఎన్ఎస్‌లుకప్ కమాండ్లు దాదాపు ఏ కంప్యూటర్‌లోనైనా దొరుకుతాయి. ఫోన్ ఐపీ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168తో ఎందుకు మొదలవుతుందో తవ్వితే, పాత ఐపీ పద్ధతిలో 32 బిట్లే (సున్నా లేదా ఒకటి ఉండే స్థానాలే) ఉన్నాయని, అంటే దాదాపు 429 కోట్ల అడ్రస్‌లే సాధ్యమని, అందుకే ఇల్లంతా ఒకే అడ్రస్‌తో బయటికి వెళ్తుందని తెలుస్తుంది. లెక్కల పుస్తకంలో చదివిన 2 యొక్క ఘాతాలకు ఇక్కడ పని దొరుకుతుంది. రూటర్లు, స్విచ్‌లు కొనక్కర్లేదు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ అనే ప్రోగ్రామ్‌లో తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూడవచ్చు, అదీ ఉచితమే.

మీకు తెలియకపోవడం అడ్డంకి కాదు. వారానికోసారి పక్కన కూర్చుని, తను నేర్చుకున్నది మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. మధ్యలో "అవతలివాళ్లు ఫలానా వాళ్లేనని కంప్యూటర్ ఎలా నమ్మింది?" అని అడగండి. జవాబు తడబడిన చోట మళ్లీ చదవాలి.

సాధన చేయాలన్న తహతహ ఉంటుంది, ఉండాలి కూడా. దానికి అనుమతి ఉన్న చోట్లు ఉన్నాయి. ఓవర్‌దివైర్ అనే సైట్‌లోని బ్యాండిట్ ఆటతో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు ఒక్కో మెట్టుగా వస్తాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నడిపే పికోసీటీఎఫ్ పోటీని హైస్కూలు పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. సొంత పరికరాలు, ఇలా రమ్మని పిలిచిన చోట్లు. ఈ రెండూ దాటి ఎక్కడా ప్రయత్నించకూడదు. స్నేహితురాలి అకౌంట్ సరదాకి కూడా వద్దు, స్కూల్ నెట్‌వర్క్ అసలే వద్దు.

ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వీడియోల్లో కనిపించే చొరబాటు పని ఈ రంగంలో చిన్న భాగం. లాగ్‌లు (కంప్యూటర్లు రాసిపెట్టుకునే జరిగినవాటి చిట్టా) చదవడం, అప్‌డేట్లు వేయించడం, రిపోర్టులు రాయడం, వినని మేనేజర్‌ని ఒప్పించడం చాలామంది రోజువారీ పని. 2017 మేలో వన్నాక్రై అనే మాల్‌వేర్ ఎన్నో దేశాల్లో ఆస్పత్రులతో సహా సంస్థల కంప్యూటర్లను లాక్ చేసింది. దాన్ని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేయనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఆ అప్‌డేట్‌ను సకాలంలో వేయించినవారి పేరు ఏ వార్తలోనూ రాదు. అలాంటి పని నచ్చుతుందా అని మీ అమ్మాయిని అడగండి, తొందరపెట్టకండి. నెట్‌వర్క్ అడ్మిన్, సెక్యూరిటీ అనలిస్ట్, ఫోరెన్సిక్స్ (దాడి తర్వాత ఆధారాలు వెతకడం), ఆడిట్ ఇలా దారులు చాలా ఉన్నాయి. తొమ్మిదిలోనే ఒకటి తేల్చుకోవాలన్న టెన్షన్ అక్కర్లేదు. లెక్కలు, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్, స్పష్టంగా రాయగలగడం ఏ దారిలోనైనా పనికొస్తాయి.

సర్టిఫికెట్ల విషయంలో నా మాట, ఇప్పుడు వద్దు. సీసీఎన్ఏ (నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్), సెక్యూరిటీ ప్లస్ (సెక్యూరిటీ సర్టిఫికెట్) లాంటివి మూడేళ్లకు గడువు తీరిపోతాయి. ఇప్పుడు పాసైతే డిగ్రీలో చేరేసరికే చెల్లవు, ఉద్యోగానికి వెళ్లేనాటికి మళ్లీ రాయాలి. వాటి సిలబస్ మాత్రం మంచి పాఠ్యక్రమం, అది చూసి చదువుకోనివ్వండి. డిగ్రీ చివరి ఏడాదిలో పరీక్ష రాస్తే డబ్బుకు ఫలితం ఉంటుంది.

అయినా కోర్సులోనే చేర్పించాలనుకుంటే, డబ్బు కట్టే ముందు సిలబస్ అడిగి తీసుకోండి. ఐపీ అడ్రసింగ్, డీఎన్ఎస్, లైనక్స్ మొదట్లో ఉన్నాయా, అనుమతి, చట్టం గురించి పాఠం ఉందా చూడండి. సాధన ఎవరి కంప్యూటర్ల మీద చేయిస్తారో కూడా అడగండి. "మా సొంత ల్యాబ్‌లో" అని సూటిగా చెప్పలేకపోతే అక్కడ చేర్పించకండి.