హార్ట్ ఎటాక్‌లో లేజర్ చేస్తే స్టెంట్ అక్కర్లేదా?

"లేజర్‌తో బ్లాక్ కరిగించేస్తే ఇక స్టెంట్ అక్కర్లేదట కదా?" అని ఒకరు అడిగారు. మా నాన్నకు చేసినప్పుడు నేనూ డాక్టర్‌ని ఇదే అడిగాను. ఆయన నవ్వి, "లేజర్ దారి చేస్తుందమ్మా, ఆ దారి నిలబడాలంటే మా బెలూన్, స్టెంట్ మామూలే" అన్నారు. (బెలూన్ నాళాన్ని వెడల్పు చేస్తుంది, స్టెంట్ అంటే అది మళ్లీ మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం.)

నాన్నకు నాలుగేళ్ల ముందే ఒక స్టెంట్ పడింది. బాగానే ఉన్నా కదా అని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు ఎవరికీ చెప్పకుండా మానేశారు. ఓ తెల్లవారుజామున గుండెల్లో మంటన్నారు. గ్యాసేమోనని జీలకర్ర నీళ్లు, ఈనో... గంటన్నర పోయింది. (నా మీద నాకు ఇప్పటికీ కోపమే.) ఈసీజీలో పెద్ద ఎటాక్. యాంజియోగ్రామ్ తీస్తే పాత స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టి ఉంది. గొట్టంతో పీల్చినా కొంతే వచ్చింది. అప్పుడు లేజర్ అన్నారు.

నేను మంటతో కాల్చడం అనుకుని భయపడ్డాను. అది ఎక్సైమర్ లేజర్. 308 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. నాళంలోకి ముందే దూర్చిన సన్నని వైరు మీదుగా పంపే కేథటర్ (సన్నటి గొట్టం) లావు 0.9 నుంచి 2 మిల్లీమీటర్లు. దాని కొసన కాంతి తగిలినచోట గడ్డ ఆవిరై, నలిగిపోతుంది. ఆ కాంతి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు లోతుకు మించి పోదు కాబట్టి పక్కనంతా కాలిపోదు. అలాగని ప్రమాదం లేదని కాదు, రక్తనాళం చీలవచ్చు, చిల్లు పడవచ్చు. ఆ కాంతి రక్తం మీద, డై (నాళాలు ఎక్స్‌రేలో కనపడేందుకు ఎక్కించే ద్రవం) మీద పడితే బుడగలు పుట్టి గోడ దెబ్బతింటుందట. అందుకే సెలైన్ ఎక్కిస్తూ, కేథటర్‌ని నత్తనడకన జరుపుతారు.

నాన్నకు చివర్లో మళ్లీ స్టెంటే వేశారు.

ఎటాక్ వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి వైరు, బెలూన్, స్టెంట్ చాలు. గడ్డ మరీ ఎక్కువున్నా, పాత స్టెంట్ మూసుకుపోయినా, బెలూన్ దూరకపోయినా లేజర్ గుర్తొస్తుంది. ఆ మిషన్ అన్ని క్యాథ్‌ల్యాబుల్లో (ఆసుపత్రిలో ఈ గుండె నాళాల పనులు చేసే గదుల్లో) ఉండదు, ఖర్చూ ఎక్కువే. కాబట్టి నొప్పి మొదలయ్యాక లేజర్ ఉన్న ఆసుపత్రి ఎక్కడుందని ఫోన్లు చేస్తూ కూర్చోకండి. యాంజియోప్లాస్టీ (బెలూన్, స్టెంట్‌తో నాళం తెరవడం) చేసే దగ్గరి ఆసుపత్రికి వెళ్లిపోండి. చేరిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది డాక్టర్ల లెక్క. మేం ఇంట్లోనే పోగొట్టుకున్న గంటన్నర అందులో కలవదు.

నాన్న మాత్రల డబ్బా ఇప్పుడు అమ్మ చేతిలో ఉంది. వేసుకున్నాక నోరు తెరిచి చూపించాలి.