టీవీ సీరియల్ మొత్తం డిస్కుల్లో సేకరించాలంటే ఎంత ఖర్చవుతుంది? సీజన్ల వారీగా కొనాలా, పూర్తి సెట్టు వచ్చేదాకా ఆగాలా?

ఆగండి. ముగిసిపోయిన సీరియల్ అయితే పూర్తి సెట్టే కొనండి, ఇంకా నడుస్తున్నదైతే అది ముగిసేదాకా డబ్బు దాచుకోండి. ఈ సలహాకు రెండు మినహాయింపులున్నాయి, కింద చెబుతాను. అంతకన్నా ముందు ఖర్చు ఎక్కడ పుడుతుందో చూడాలి. ఈ అభిరుచిలో జేబు ఖాళీ చేసేది పెట్టె మీది ధర కన్నా ఒకే సీరియల్‌ను మళ్లీ మళ్లీ కొనడమే.

నేను క్యాసెట్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. వీహెచ్‌ఎస్‌లో సీరియళ్లు ఎక్కువగా క్యాసెట్‌కు రెండు ఎపిసోడ్ల చొప్పున వచ్చేవి. ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు వచ్చే సీరియల్ అయితే ఒక్క సీజన్‌కే డజను క్యాసెట్లు. డిస్కును క్షణాల్లో అచ్చు ఒత్తి తీయవచ్చు, క్యాసెట్‌లోనైతే పొడవాటి టేపు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రికార్డు చేయాలి. ధర ఊరికే పెరగలేదు. ఆ రోజుల్లో పూర్తి సీరియల్ సేకరించడం డబ్బున్నవాళ్లకో పిచ్చి పట్టినవాళ్లకో తప్ప సాధ్యమయ్యేది కాదు. నేను రెండో రకం.

డీవీడీ వచ్చాక లెక్క మారింది. రెండు పొరల డీవీడీలో 8.5 గిగాబైట్లు పడతాయి, అంటే ముప్పావు గంట ఎపిసోడ్లు నాలుగు హాయిగా ఇముడుతాయి. 'ది ఎక్స్-ఫైల్స్' మొదటి సీజన్‌లోని 24 ఎపిసోడ్లు 2000లో అమెరికాలో ఏడు డిస్కుల పెట్టెగా వచ్చాయి. సీజన్ మొత్తాన్ని ఒకే పెట్టెలో అమ్మే పద్ధతి నిలదొక్కుకోవడానికి కారణమైన తొలి సెట్లలో అదొకటి. దాని ప్రకటిత ధర దాదాపు 150 డాలర్లు, అంటే ఎపిసోడ్‌కు ఆరు డాలర్ల పైమాటే. సీరియల్ అప్పటికి ఇంకా నడుస్తోంది, 2002లో ఆగేనాటికి తొమ్మిది సీజన్లయింది. ఆ ధరకే వరసగా అన్నీ కొనుక్కుంటూ పోతే మొత్తం వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటిపోతుంది. తరువాత అవే సీజన్లు సన్నని పెట్టెల్లో చాలా తక్కువకు వచ్చాయి.

ఒకే సరుకుకు ఎన్నిసార్లు డబ్బు కట్టించవచ్చో తెలుసుకోవాలంటే మొదటి 'స్టార్ ట్రెక్' చరిత్ర చాలు. 1966 నుంచి 1969 దాకా మూడే సీజన్లు, 79 ఎపిసోడ్లు. క్యాసెట్లు, డీవీడీకి ముందు వచ్చిన పెద్ద సైజు లేజర్ డిస్కులు అయ్యాక డీవీడీలో మొదట డిస్కుకు రెండు ఎపిసోడ్ల లెక్కన 40 విడి డిస్కులుగా అమ్మారు. ఆ వరస 2001లో పూర్తయితే, 2004లో సీజన్ పెట్టెలు వచ్చాయి. 2007లో దృశ్యాలు మెరుగుపరిచి మొదటి సీజన్‌ను హెచ్‌డీ డీవీడీలో, అంటే బ్లూ-రేకు పోటీగా వచ్చిన ఫార్మాట్‌లో తెచ్చారు. కొన్ని నెలలకే, 2008 ఫిబ్రవరిలో, ఆ ఫార్మాట్టే మూతపడింది. 2009లో బ్లూ-రే, అంటే డీవీడీ కన్నా స్పష్టమైన బొమ్మనిచ్చే డిస్కు. ప్రతిసారీ ముందువరసలో నిలబడినవాడి అల్మరాలో ఒకే కథ ఐదారు వరసలు. ఆగినవాడికి ఒకే వరస, అదీ మిగతా అన్నిటికన్నా బాగున్నది.

అందుకే నేను ఏది కొన్నా ఒక పుస్తకంలో ఎపిసోడ్‌కు ఎంత పడిందో రాస్తాను, రెండోసారి చూసినప్పుడు దాని పక్కన ఒక గీత పెడతాను. ఏడాదికోసారి ఆ పేజీలు తిరగేస్తే నిజం తేలిపోతుంది. అరగంట హాస్య సీరియళ్ల పక్కన గీతలే గీతలు. చివరిదాకా రహస్యం దాచిపెట్టి నడిపించిన సీరియళ్ల పక్కన దాదాపు ఏమీ లేవు. గుట్టు తెలిసిన కథను మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలని నాకైతే అనిపించదు. మీ అభిరుచి వేరే కావచ్చు. ఏదేమైనా రెండోసారి చూడని సీరియల్ ఎంత చౌకగా దొరికినా ఖరీదైనదే.

ఇక మినహాయింపులు. మొదటిది పాటలది. టీవీలో ప్రసారానికి తీసుకున్న పాటల హక్కులు చాలాసార్లు వీడియో అమ్మకానికి వర్తించవు, మళ్లీ విడిగా కొనాలి. రేడియో స్టేషన్ నేపథ్యంగా సాగే 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటీ' మొదటి సీజన్ 2007లో డీవీడీగా వచ్చినప్పుడు చాలా పాటలు తీసేసి వేరే సంగీతం నింపారు. 2014లో మరో సంస్థ ఎక్కువ భాగం అసలు పాటలు తిరిగి పెట్టి పూర్తి సెట్టు తెచ్చింది. 1993లోనే ముగిసిన 'ది వండర్ ఇయర్స్' పూర్తి సెట్టుగా రావడానికి 2014 దాకా పట్టింది, కారణం పాటలే. ఇలాంటి సీరియల్‌కు అసలు పాటలున్న సెట్టు కనబడితే ధర తగ్గుతుందని ఎదురుచూడకండి. హక్కుల గడువు తీరితే అది మళ్లీ అచ్చు కాకపోవచ్చు.

రెండోది అభిమానులు తక్కువున్న సీరియళ్లది. వీటిని తక్కువ సంఖ్యలో అచ్చు వేస్తారు. అయిపోయాక పాత సరుకు అమ్మేవాళ్లు చెప్పిందే ధర, కాబట్టి ఇలాంటివాటికి ఆగకండి. కొన్నిటికి ఒకటి రెండు సీజన్లు విడుదల చేసి, అమ్మకాలు లేవని వదిలేస్తారు. బాగా పేరున్నవి కూడా దీనికి అతీతం కాదు. 'ది సింప్సన్స్' 20వ సీజన్‌ను 2010లో వరస తప్పించి ముందే తెచ్చారు, తరువాత 17వ సీజన్ దాకా వచ్చి 18, 19 దగ్గర ఆగిపోయారు. ఇక డిస్కులు ఉండవని 2015లో చెప్పారు, తీరా 18వది 2017లో, 19వది 2019లో వచ్చాయి. వరస మధ్యలో రెండు పెట్టెల ఖాళీని అన్నేళ్లు చూడటం సేకర్తకు ఎంత నరకమో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

డీవీడీ ఉండగా బ్లూ-రే మళ్లీ కొనాలా అంటే, సీరియల్ ఎలా తయారైందో చూడండి. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'ను 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసి, ఎడిటింగ్ వీడియో టేపు మీద చేశారు. బ్లూ-రే కోసం ఫిల్మ్‌ను మళ్లీ స్కాన్ చేసి ఎపిసోడ్లను మొదటి నుంచి కూర్చారు. తేడా మొదటి దృశ్యంలోనే తెలుస్తుంది, మళ్లీ కొన్నా బాధ లేదు. అదే కుటుంబంలోని 'డీప్ స్పేస్ నైన్'కు, 'వాయేజర్'కు ఆ శ్రమ ఎవరూ పడలేదు. వాటికి డీవీడీలే గతి కాబట్టి నిశ్చింతగా కొనవచ్చు. పూర్తిగా వీడియో టేపు మీదే తీసిన పాత సీరియళ్లకైతే బ్లూ-రే అన్న పేరుకు ఎక్కువ డబ్బు పెట్టకండి, లేని వివరాన్ని ఏ డిస్కూ పుట్టించలేదు.

ప్లేయర్ ఖర్చు కూడా కలుపుకోండి. క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లను చివరిదాకా తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో ఆ పని ఆపేసింది, కాబట్టి క్యాసెట్లు సేకరించాలంటే పాత యంత్రాలకు మరమ్మతులు చేసేవారు మీకు తెలిసి ఉండాలి. డిస్కులకు ప్రాంతాల కోడ్ గొడవ ఉంది, ఒక ప్రాంతం కోసం చేసిన డిస్కు మరో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకపోవచ్చు: డీవీడీలకు ఆరు ప్రధాన ప్రాంతాలు, బ్లూ-రేకు ఏ, బీ, సీ అని మూడు. వేరే దేశం సెట్టు చౌకగా కనబడినప్పుడు పెట్టె వెనుక కోడ్, రవాణా ఖర్చు రెండూ చూసుకున్నాకే డబ్బు కట్టండి.

వాడిన సెట్లు కొనడానికి నేను జంకను, నా అల్మరాలో సగం అవే. ఒకసారి ఒక అమ్మకందారు పంపిన పెట్టెలో మూడో డిస్కు ఉండాల్సిన చోట రెండో డిస్కే ఇంకొకటి ఉంది. వెంటనే చూశాను కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. వాపసు గడువు ముగిసేలోగా ప్రతి డిస్కునూ ప్లేయర్‌లో పెట్టి, చివరి ఎపిసోడ్‌ను కొన్ని నిమిషాలైనా చూడండి. రెండు వైపులా ఎపిసోడ్లున్న డిస్కులైతే రెండు వైపులా.

మీరు ఏ సీరియల్‌ను మనసులో పెట్టుకుని అడిగారో రాస్తే, దాని విడుదలల్లో ఏది కొనదగినదో నాకు తెలిసినంతవరకు చెబుతాను.